రాత్రి ఫోన్ మోగితే గుండె దడ: ఇది క్లాసికల్ కండిషనింగేనా, పోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. కొన్నేళ్ల కిందట ఒక అర్ధరాత్రి ఫోన్‌లో దగ్గరివాళ్ల గురించి చెడు కబురు విన్నారు. అప్పట్నుంచి రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ మోగితే చాలు, గుండె దడ, చేతులు చల్లబడటం. పగలు అదే ఫోన్ ఎన్నిసార్లు మోగినా ఏమీ ఉండదు. రింగ్‌టోన్ మార్చి చూశారు, కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదలైంది. ఇప్పుడు రాత్రయితే ఫోన్ సైలెంట్‌లో పెట్టి పక్కగదిలో వదిలేస్తున్నారు. ఇది పావ్‌లోవ్ కుక్కల కథేనా, అయితే ఎలా చెరిపేయాలి, మీ పాపకి కూడా అంటుకుంటుందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. అవును, మీరు రాసినదాన్ని బట్టి ఇది క్లాసికల్ కండిషనింగే, అంటే ఒక సంకేతం తర్వాత ఏదో జరుగుతుందని నేర్చుకుని, ఆ సంకేతానికే ఒళ్లు తనంతట తాను స్పందించడం. తగ్గుతుంది, చాలామందిలో బాగా తగ్గుతుంది. కానీ చెరిపేయడం అంటూ ఉండదు. పాత పాఠం పక్కన ఒంటికి కొత్త పాఠం నేర్పడమే ఉంటుంది. ఫోన్ పక్కగదిలో పెట్టే అలవాటు మాత్రం మీ భయాన్ని కాపాడుతోంది, అది ముందు మారాలి. పాప విషయం చివర్లో రాస్తాను.

నేను క్లినికల్ సైకాలజిస్ట్‌ని. భయాలు, ఆందోళన, నిద్రలేమితో వచ్చేవాళ్లే నా దగ్గర ఎక్కువ. కింద చెప్పే ఉదాహరణల్లో మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

కుక్కల కథ అందరూ విన్నదే కాబట్టి క్లుప్తంగా. రష్యన్ శరీరధర్మ శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్ నిజానికి జీర్ణక్రియ మీద పనిచేశాడు. 1904లో నోబెల్ వచ్చింది కూడా దానికే. కుక్కల లాలాజలం కొలుస్తుంటే, నోట్లో తిండి పడకముందే, తిండి తెచ్చే మనిషి అడుగుల చప్పుడుకే లాలాజలం ఊరడం కనబడింది. తర్వాత మెట్రోనోమ్ టకటకలు, బజర్లు, దీపాలు, చర్మం మీద స్పర్శ, ఇలా దేన్నైనా తిండికి ముందు పెట్టి చూశాడు. కొన్నిసార్లు జత చేశాక ఆ సంకేతం ఒక్కటే సరిపోయేది.

మీకు దగ్గరగా వచ్చే భాగం అంతగా ప్రచారం కాలేదు. 1924లో లెనిన్‌గ్రాడ్‌ను (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) వరద ముంచింది. పావ్‌లోవ్ కుక్కలు ఉన్న గదుల్లోకి నీళ్లు వచ్చాయి, వాటిని ఈదించి బయటికి తేవాల్సి వచ్చింది. బతికి బయటపడ్డ కొన్ని కుక్కల్లో అప్పటిదాకా నేర్పినవన్నీ చెదిరిపోయాయి. ఒక కుక్క మెల్లగా కోలుకున్నాక, పరీక్ష గది తలుపు కింద నుంచి కొద్దిగా నీళ్లు పారేలా చేశారు. అంతే, అది మళ్లీ కుదేలైంది. ఒకే ఒక్క రాత్రి, అది తగినంత భయంకరమైతే, ఎన్నో రోజుల శిక్షణతో సమానం. "ఒక్కసారి జరిగినదానికే ఇంత ఎందుకు, నేనంత బలహీనుడినా" అని రాశారు. బలహీనతకీ దీనికీ సంబంధం లేదండీ. ప్రాణానికి ముప్పు అనిపించిన విషయాన్ని ఒక్కసారికే గుర్తుంచుకోవడం నాడీవ్యవస్థ పని. అది దాని పని సరిగ్గానే చేసింది.

ఇక మీ ప్రశ్నలో నాకు బాగా ఆసక్తి కలిగించిన మాట: పగలు ఏమీ లేదు, రాత్రి మాత్రమే.

రెండు విషయాలు పదేపదే కలిసి జరిగితే మెదడు వాటిని ముడివేసేస్తుందని చాలామంది అనుకుంటారు. పాత పాఠ్యపుస్తకాలూ అలాగే చెప్పాయి. అది సగమే నిజం. 1968లో మనస్తత్వవేత్త రాబర్ట్ రెస్కోర్లా ఎలుకలతో చేసిన ప్రయోగాలు దీన్ని మార్చేశాయి. ఒక గుంపుకి ఒక శబ్దం వచ్చినప్పుడే కొన్ని షాకులు. ఇంకో గుంపుకి శబ్దంతో పాటు అవే షాకులు, అయితే శబ్దం లేనప్పుడు కూడా అంతే తరచుగా షాకులు. శబ్దమూ షాకూ కలిసి వచ్చిన సందర్భాలు రెండు గుంపులకీ సమానమే. భయం నేర్చుకున్నది మాత్రం మొదటి గుంపు. రెండో గుంపుకి ఆ శబ్దం కొత్తగా ఏమీ చెప్పడం లేదు మరి. అంటే ఒళ్లు లెక్కబెట్టేది ఎన్నిసార్లు కలిశాయని కాదు, ఇది వస్తే అది వచ్చే అవకాశం పెరుగుతుందా అని. తర్వాత 1972లో రెస్కోర్లా, అలన్ వాగ్నర్ కలిసి దీనికి ఒక గణిత సూత్రం ఇచ్చారు. దాని సారం: అనుకున్నదీ జరిగిందీ ఒకటే అయితే నేర్చుకునేది ఏమీ లేదు, ఆ రెండిటికీ తేడా ఎంత ఉంటే అంత నేర్చుకుంటాం. ఈ వాక్యం గుర్తుంచుకోండి, చికిత్స అంతా దీని మీదే నిలబడింది.

ఇప్పుడు మీ ఫోన్ సంగతి చూడండి. పగటి కాల్స్ మీకు ఏళ్ల తరబడి వచ్చాయి. అమ్మకాల కాల్స్, ఆఫీసు కాల్స్, స్నేహితుల కబుర్లు. ఏమీ జరగకుండా ముందే చాలాసార్లు ఎదురైన సంకేతానికి తర్వాత భయం అంటించడం కష్టం. 1959లో లుబోవ్, మూర్ గొర్రెల మీద, మేకల మీద దీన్ని చూపించారు. రాత్రి కాల్ అలా కాదు. అది అరుదు. వచ్చిన కొద్దిపాటి రాత్రి కాల్స్‌లో ఒకటి మీ జీవితాన్ని కుదిపేసింది. మీ మెదడు లెక్కలో "చీకటి పడ్డాక మోగడం" అన్నదే సంకేతం. రింగ్‌టోన్ అందులో చిన్న భాగం. అందుకే ట్యూన్ మార్చినా కొన్నాళ్లే బాగుంది. కొత్త ట్యూన్‌కి కూడా రాత్రి తోడైంది కదా.

"ఏమీ లేదని నాకు తెలుసు, అయినా గుండె ఆగదు" అన్నారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఈ మాట అననివాళ్లు తక్కువ. తెలియడం వేరు, ఒంటికి నేర్పు రావడం వేరు అన్నదానికి చాలా స్పష్టమైన ఆధారం ఉంది. 1995లో ఆంటోయిన్ బెషారా బృందం మెదడు దెబ్బతిన్న రోగులకు రంగు స్లయిడ్లు చూపిస్తూ, ఒక రంగు వచ్చినప్పుడు చెవులు అదిరేలా హారన్ మోగించింది. అమిగ్డలా (మెదడులో భయం నేర్చుకోవడానికి ముఖ్యమైన భాగం) దెబ్బతిన్న మనిషి "ఫలానా రంగు తర్వాత హారన్ వచ్చింది" అని చక్కగా చెప్పగలిగాడు. కానీ ఆ రంగు చూసినా చర్మంలో ఏ స్పందనా లేదు. హిప్పోక్యాంపస్ (జరిగినవాటిని గుర్తుంచుకోవడానికి ముఖ్యమైన భాగం) దెబ్బతిన్న మనిషికి దీనికి పూర్తిగా వ్యతిరేకం: ఒళ్లు స్పందించింది, ఏ రంగుకి హారన్ వచ్చిందో మాత్రం చెప్పలేకపోయాడు. కాబట్టి రాత్రి ఫోన్ మోగినప్పుడు "ఏం కాదు, ఏం కాదు" అని మీకు మీరు ఎంత నచ్చజెప్పుకున్నా గుండె వినకపోవడంలో వింతేమీ లేదు. మాటతో నేర్చుకున్నది కాదు కాబట్టి మాటతో పోదు. అనుభవంతోనే పోవాలి.

రోజువారీ జీవితంలో ఇది ఎంత లోతుగా పనిచేస్తుందో చాలామంది గమనించరు. కొన్ని చెప్తాను, మీలాంటివాళ్లు మీరొక్కరే కాదని తెలియడానికైనా.

ఒకావిడకి మంచం చూస్తేనే మెలకువ. హాల్లో సోఫా మీద కునుకు ముంచుకొస్తుంది, లేచి వెళ్లి మంచం మీద తల వాల్చగానే కళ్లు తెరుచుకుంటాయి. నెలల తరబడి ఆ మంచం మీద దొర్లుతూ, రేపటి పనుల గురించి బాధపడుతూ గడిపారు. మంచం నిద్రకి సంకేతం కావడం మానేసి ఆలోచనలకి సంకేతమైంది. రిచర్డ్ బూట్జిన్ 1972లో ప్రతిపాదించిన పద్ధతి దీనికి ఇప్పటికీ మొదటి వరస చికిత్సల్లో ఒకటి: నిద్ర ముంచుకొస్తేనే పడుకోవాలి, సుమారు ఇరవై నిమిషాల్లో పట్టకపోతే లేచి ఇంకో గదికి వెళ్లాలి, మంచం మీద ఫోన్ చూడకూడదు, ఎప్పుడు పడుకున్నా పొద్దున ఒకే వేళకి లేవాలి. మొదటి వారం నరకంలా ఉంటుందని ముందే చెప్తాను. ఆవిడకీ అలాగే ఉంది. తర్వాత మంచం మళ్లీ మంచమైంది.

కీమోథెరపీ తీసుకునేవాళ్లలో కొందరికి మందు ఎక్కించకముందే, ఆసుపత్రి వాసన తగిలితేనే వాంతి వస్తుంది. "మనసులో ఊహించుకుంటున్నావు" అని ఇంట్లోవాళ్లు అంటే వాళ్లు ఎంత నలిగిపోతారో నేను చూశాను. అది ఊహ కాదు, నేర్చుకున్న స్పందన. వైద్యుడికి చెప్తే ముందుగానే చేయగలిగినవి ఉన్నాయి, దయచేసి దాచుకోవద్దు.

తిండి విషయంలో మెదడు లెక్క మరీ వేరు. ఏదో తిన్న కొన్ని గంటలకి వాంతులయితే, కారణం వైరస్ అని తెలిసినా ఆ తిండి మీద అసహ్యం పుడుతుంది. 1966లో జాన్ గార్సియా, రాబర్ట్ కోల్లింగ్ ఎలుకలకి రుచి, వెలుగు, శబ్దం మూడూ కలిపిన నీళ్లు ఇచ్చారు. వికారం కలిగించిన ఎలుకలు ఆ రుచిని వదిలేశాయి. షాకు ఇచ్చిన ఎలుకలు వెలుగూ శబ్దమూ ఉన్న నీళ్లని వదిలేశాయి. దేనికైనా దేన్నైనా ముడివేయొచ్చన్న పాత నమ్మకం దీంతో వీగిపోయింది. కొన్ని ముడులు వేసుకోవడానికి ఒళ్లు పుట్టుకతోనే సిద్ధంగా ఉంటుంది.

ఇంకొకటి తప్పకుండా చెప్పాలి, ప్రాణాలకి సంబంధించింది. మత్తుమందు ఎప్పుడూ తీసుకునే చోటు కనబడితే, మందు చేయబోయే పనికి ఎదురు పనిని ఒళ్లు ముందే మొదలుపెట్టేస్తుంది. అలవాటైన మోతాదు తట్టుకోవడంలో ఇదొక భాగం. 1982లో షెపర్డ్ సీగెల్ బృందం ఎలుకలకి హెరాయిన్ ఎక్కువ మోతాదులో ఇచ్చి చూసింది. మందుకి అలవాటుపడ్డ ఎలుకల్లో, పాత చోట ఇచ్చినప్పుడు దాదాపు మూడో వంతు చనిపోతే, కొత్త చోట ఇచ్చినప్పుడు మూడింట రెండు వంతుల దాకా చనిపోయాయి. మోతాదు ఒకటే. మాదకద్రవ్యాల నుంచి బయటపడుతున్నవాళ్లు ఇంట్లో ఎవరైనా ఉంటే ఈ పేరా వాళ్లతో చదివించండి.

ఫోన్ నోటిఫికేషన్ల గురించి కూడా చాలామంది అడుగుతారు. టింగ్ మనగానే మనసు అటు లాగడం క్లాసికల్ కండిషనింగ్. లాగినప్పుడు తెరిచి చూడటం, చూస్తే అప్పుడప్పుడు మంచిది దొరకడం, అందువల్ల మళ్లీ మళ్లీ చూడటం మనస్తత్వవేత్త స్కిన్నర్ చెప్పిన ఆపరెంట్ కండిషనింగ్, అంటే ఫలితాన్ని బట్టి అలవాటు బలపడటం. నిజజీవితంలో ఈ రెండూ దాదాపు ఎప్పుడూ కలిసే ఉంటాయి. మీ విషయంలో కూడా.

దడ పుట్టడం మొదటి రకం. ఫోన్ పక్కగదిలో పెట్టడం రెండో రకం. పెట్టగానే "హమ్మయ్య" అనిపిస్తుంది కదా, ఆ ఊరటే తప్పించుకునే అలవాటుకి బహుమతి. రోజూ బహుమతి అందుతుంటే అలవాటు ఎందుకు పోతుంది? దానికంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. రాత్రి ఫోన్ మోగినా ఏమీ కాలేదని మీ మెదడుకి తెలిసే అవకాశమే లేకుండా పోతోంది. భయానికి తిండి పెట్టేది ఆ పాత రాత్రి కాదు, ఇవాళ్టి తప్పించుకోవడం. కాలం గడిస్తే అదే పోతుందని ఇన్నేళ్లు ఎదురుచూశానన్నారు. కాలానికి ఆ శక్తి లేదు. భయం లేకుండా గడిచిన కాలం వేరు, భయపడ్డదాన్ని ఎదుర్కొని ఏమీ కాలేదని చూసిన కాలం వేరు.

సరే, ఏం చేయాలి?

ఈ దారిలో మొదటి అడుగు 1924లో మనస్తత్వవేత్త మేరీ కవర్ జోన్స్ వేశారు. పీటర్ అనే సుమారు మూడేళ్ల పిల్లాడికి కుందేలు అంటే భయం. వాడు ఇష్టమైనది తింటుండగా బోనులో కుందేల్ని దూరంగా ఉంచి, రోజురోజుకీ దగ్గరికి తెచ్చారు. చివరికి వాడు దాన్ని నిమిరాడు. నాలుగేళ్ల ముందు వాట్సన్, రేనర్ అనే పరిశోధకులు "లిటిల్ ఆల్బర్ట్" అనే పసివాడికి ఇనుప కడ్డీ మీద సుత్తితో కొట్టి తెల్ల ఎలుక అంటే భయం నేర్పి, దాన్ని పోగొట్టకుండానే వదిలేశారు. ప్రపంచం ఆల్బర్ట్‌నే ఎక్కువ గుర్తుపెట్టుకుంది. నాకైతే పీటర్ కథే ముఖ్యం, నా వృత్తి అక్కడే మొదలైంది.

మీకు నేను ఇచ్చే క్రమం ఇదీ:

ముందు పగలు, తర్వాత సాయంత్రం, చివరికి రాత్రి. చెడు కబురు వచ్చినప్పటి రింగ్‌టోన్ దొరికితే దాన్నే మళ్లీ పెట్టుకోండి. పగలు మోగించి వినండి, దడ వస్తే రానివ్వండి, మధ్యలో ఆపొద్దు. అది చప్పగా అనిపించాక సాయంత్రానికి రండి. ఆ తర్వాత ఇంట్లోవాళ్లనో స్నేహితుడినో రాత్రి చెప్పిన టైముకి ఫోన్ చేయమనండి. తర్వాత "తొమ్మిదికీ పదకొండుకీ మధ్య ఎప్పుడైనా" అనండి. ఎత్తి, ఒక ఐదు నిమిషాలు మామూలు కబుర్లు చెప్పుకోండి. ఎత్తగానే పెట్టేయొద్దు.

మోగిన క్షణంలో మీ అంచనా రాసుకోండి. ఇదే అన్నిటికంటే ముఖ్యం. "ఇది చెడు కబురు అయ్యే అవకాశం ఎంత శాతం? నా గుండె ఎంతసేపు కొట్టుకుంటుంది?" అని రాసి, కాల్ అయ్యాక జరిగింది పక్కన రాయండి. ఇందాక గుర్తుంచుకోమన్న వాక్యం ఇక్కడ పనికొస్తుంది. అనుకున్నదానికీ జరిగినదానికీ తేడా కళ్ల ముందు పెద్దగా కనబడాలి. చెప్పిన టైముకి వచ్చే కాల్స్‌లో ఆ తేడా తక్కువ, అందుకే చెప్పకుండా వచ్చేవాటి దాకా వెళ్లాలి.

రక్షణ కవచాలు ఒక్కొక్కటీ తీసేయండి. నంబరు చూశాకే ఎత్తడం, పక్కన ఎవరైనా ఉంటేనే ఎత్తడం, ముందే మాత్ర వేసుకోవడం, ఇలాంటివి. ఇవి ఉంటే మెదడు "ఇది ఉంది కాబట్టి బతికాను" అని నేర్చుకుంటుంది. వైద్యుడు రాసిన మందులైతే మాత్రం సొంతంగా ఆపకండి, ఆయనతో మాట్లాడండి.

ఒకే గదిలో చేయొద్దు. పడకగదిలో, బయట, వేరే ఊళ్లో ఉన్నప్పుడు, ఒంటరిగా, నలుగురి మధ్య కూడా చేయండి. మార్క్ బౌటన్ పరిశోధనలు చూపించింది ఇదే: భయం ఎక్కడికైనా తేలిగ్గా పాకుతుంది గానీ, భయం అక్కర్లేదన్న కొత్త పాఠం నేర్చుకున్న చోటికే అతుక్కుని ఉంటుంది.

మొదట్లో "చెరిపేయడం ఉండదు" అన్నది కూడా ఇందుకే. నడవడం మానేసిన దారి మీద గడ్డి మొలుస్తుంది, కింద దారి మాత్రం అలాగే ఉంటుంది. పావ్‌లోవ్ కుక్కల్లోనే ఇది కనబడింది. తిండి ఇవ్వకుండా శబ్దం ఒక్కటే వినిపిస్తే లాలాజలం ఆగిపోయింది. కొంత విరామం తర్వాత అదే శబ్దం వినిపిస్తే మళ్లీ వచ్చింది. మీకూ కొన్ని నెలలు బాగుండి ఒక రాత్రి హఠాత్తుగా దడ తిరిగి రావొచ్చు. కొత్త ఊరికి వెళ్లినప్పుడు రావొచ్చు. నిజంగానే ఇంకో చెడు కబురు వింటే రావొచ్చు. అలా వస్తే మొదటికొచ్చినట్టు కాదు. మళ్లీ కొన్ని రోజులు చేయండి, రెండోసారి సాధారణంగా త్వరగా తగ్గుతుంది. కుక్క కరిచాక వీధిలో నడవడం మానేసిన ఒకాయన ఇలాగే ఒక్క చెడ్డ సాయంత్రంతో "అంతా వృథా" అని చికిత్స వదిలేయబోయారు. ముందే చెప్పి ఉంచడం వల్ల ఆగారు.

కొన్ని జాగ్రత్తలు. దడ ఫోన్‌తో సంబంధం లేకుండా కూడా వస్తుంటే ముందు వైద్యుడికి చూపించుకోండి. థైరాయిడ్, గుండె లయలో తేడా, కాఫీ ఎక్కువవడం కూడా దడ తెస్తాయి. ఆ రాత్రి దృశ్యాలు పదేపదే కళ్ల ముందు మెదులుతుంటే, పీడకలలు వస్తుంటే, ఆ విషయం ఎవరు ఎత్తినా లేచి వెళ్లిపోతుంటే, పైన చెప్పింది ఒక్కరే చేయకండి. అది ఉత్త ఫోన్ భయం కాకపోవచ్చు, శిక్షణ పొందిన చికిత్సకుల సాయం కావాలి. పోయినవాళ్ల గురించి ఇంతవరకు తనివితీరా ఏడవలేదంటే దాని గురించి కూడా మాట్లాడండి. దుఃఖానికి ఫోన్ అభ్యాసాలు మందు కావు.

ఇక పాప. పిల్లలు చూసి కూడా భయం నేర్చుకుంటారు, స్వయంగా దెబ్బ తగలక్కర్లేదు. సుసాన్ మినెకా బృందం ప్రయోగశాలలో పెరిగిన కోతులతో దీన్ని చూపించింది. వాటికి పాములంటే అంత భయం లేదు. అడవిలో పుట్టిన కోతులు పాముని చూసి బెదిరిపోవడం కొద్ది నిమిషాలు చూశాక వీటికీ భయం పట్టుకుంది. అయితే ఇంకో సంగతి కూడా తేలింది. పాము దగ్గర నిశ్చింతగా ఉన్న కోతిని ముందుగా చూసిన కోతుల్లో చాలావాటికి తర్వాత బెదిరిన కోతిని చూసినా భయం అంటుకోలేదు. రాత్రి ఫోన్‌కి నాన్న ఉలిక్కిపడటం పాప ఇప్పటికే చూసే ఉంటుంది, దానికి కంగారుపడకండి. అభ్యాసం మొదటి వారాల్లో, దడ గట్టిగా ఉన్నప్పుడు, తనని పక్కన ఉంచుకోవద్దు. చెప్పకుండా వచ్చిన కాల్ కూడా తొట్రుపడకుండా ఎత్తగలుగుతున్న దశకి వచ్చాక, ఒకటి రెండు రాత్రి కాల్స్ పాప ముందే మాట్లాడండి. ఫోన్ చేసింది తనకి ఇష్టమైన మనిషైతే స్పీకర్ పెట్టి తనతో కూడా మాట్లాడించండి.